ఓడెక్కని లెక్కలు

నలభై రోజుల వాన... మూడంతస్తుల ఓడ... లోకంలోని జీవాలన్నీ జంటలు జంటలుగా! నోవహు కథ తెలియనివాళ్లు అరుదు. ఎవరైనా పెన్నూ కాగితం పట్టుకుని కూర్చుంటేనే చిక్కు. ఆ చిక్కుముడి విప్పుకుంటూ వెళ్లినవాళ్లకు చివరికి దొరికింది ఏంటో తెలుసా... ఒక పుట్టి!

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. విలియమ్స్‌టౌన్ అనే ఊరి దగ్గర ఓ బ్రహ్మాండమైన చెక్క ఓడ ఉంది. పొడవు 510 అడుగులు. బైబిల్లో చెప్పిన నోవహు ఓడను అదే కొలతలతో కట్టి చూపించాలని 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి 2016 జులైలో ప్రారంభించారు. ఓడ అన్నమాటేగానీ అది తేలదు. నేలమీదే ఉంటుంది. టికెట్టు కొనుక్కుని వెళ్లి చూసి రావాలి.

2017, 2018ల్లో అక్కడ గట్టి వానలు పడ్డాయి. కొండచరియ జారి, ఓడ దగ్గరికెళ్లే రోడ్డు దెబ్బతింది. మరమ్మతుకైన దాదాపు పది లక్షల డాలర్లూ ఇమ్మంటూ నిర్వాహకులు 2019లో బీమా కంపెనీల మీద కోర్టుకెక్కారు. పత్రికలవాళ్లు ఊరుకుంటారా! నోవహు ఓడను వాన ముంచిందంటూ ప్రపంచమంతా నవ్వుకుంది. నిజానికి ఓడకు చిన్న దెబ్బయినా తగల్లేదు. పాడైంది రోడ్డే.

ఆ నవ్వు సంగతి అలా ఉంచితే, ఆ ఓడ కట్టినవాళ్లు మాత్రం చాలా సీరియస్. ఆ కథ అక్షరాలా జరిగిందని వాళ్ల నమ్మకం. అక్షరాలా జరిగిందన్నాక అంకెల్లో కూడా జరగాలి కదా! అక్కడే వస్తుంది అసలు పేచీ.

మూరల్లో కొలిచిన ఓడ

కథ ఆదికాండంలో ఉంది. మనుషుల చెడుతనం పెచ్చుమీరిపోయిందని దేవుడు బాధపడతాడు. అందర్నీ తుడిచిపెట్టాలనుకుంటాడు. నీతిమంతుడైన నోవహును మాత్రం ఓడ కట్టుకోమంటాడు. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. తెలుగు బైబిల్ ఆ కొలతను ‘మూర’ అనే అంటుంది. మన పూలమ్మి మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచే మూరే. దాన్ని 45 సెంటీమీటర్లు అనుకుంటే ఓడ పొడవు 135 మీటర్లు. మూడంతస్తులు. పక్కన ఒక తలుపు. పైన ఒక కిటికీ. లోపలా బయటా కీలు పూత. చుక్కాని లేదు, తెరచాప లేదు.

ఎక్కిన మనుషులు ఎనిమిదిమంది. నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు షేము, హాము, యాపెతు, ముగ్గురు కోడళ్లు. అప్పటికి నోవహు వయసు 600 ఏళ్లు. మన దగ్గర అరవై నిండితే షష్టిపూర్తి చేసి కుర్చీలో కూర్చోబెడతాం. ఆయన పదింతల వయసులో వడ్రంగి పనికి దిగాడు! నలభై పగళ్లూ నలభై రాత్రులూ వాన కురిసింది. అగాధపు ఊటలు పగిలాయి. ఎత్తైన కొండలు కూడా మునిగి, వాటిమీద 15 మూరల నీళ్లు నిలిచాయి. ఓడ ఎక్కిన రోజు నుంచి నేలమీద కాలు పెట్టేదాకా ఏడాదీ పది రోజులు పట్టింది.

ఇందులో ఓ తమాషా ఉంది. ఓడ కట్టమన్నప్పుడుగానీ, లోకమంతా మునిగిపోతున్నప్పుడుగానీ నోవహు ఒక్క మాట మాట్లాడినట్టు బైబిల్లో లేదు. మొట్టమొదటిసారి ఆయన నోరు విప్పేది అంతా అయిపోయాకే. ద్రాక్షతోట వేసి, ఆ రసం తాగి, ఒంటిమీద బట్టల్లేకుండా పడుకుని, మత్తు దిగాక లేచి మాట్లాడాడు. అదీ మనవడికి శాపం! ఏడాదిపాటు ఆ ఓడలో ఏనుగుల మధ్య ఎలా గడిపారో చెప్పాల్సిన భార్య పేరు కూడా కథలో లేదు.

గంటకు తొమ్మిది మీటర్ల వాన

ముందు నీళ్ల లెక్క చూద్దాం. ఎత్తైన కొండలన్నీ మునగాలంటే ఎవరెస్టు మునగాలి. దాని ఎత్తు 8,849 మీటర్లు. నలభై రోజుల్లో నీళ్లు అక్కడిదాకా రావాలంటే రోజుకు 220 మీటర్లు పెరగాలి. ఒకదానిమీద ఒకటి నాలుగు చార్మినార్లు నిలబెట్టినంత ఎత్తు. గంటకు తొమ్మిది మీటర్ల పైమాటే! ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాన పడే చోటుగా పేరుపొందిన మేఘాలయలోని మాసిన్‌రామ్‌లో ఏడాది మొత్తానికి పడేది సగటున 12 మీటర్లలోపే. ఆ ఏడాది వానంతా ఇక్కడ గంటంబావులో కురిసిపోవాలి. ఒక్కరోజులో పడ్డ వానకు ప్రపంచ రికార్డు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిది. 1966 జనవరి తుపానులో 24 గంటల్లో 1.8 మీటర్లు. నోవహు వాన ముందు అది తుంపర.

సరే, అంత నీరు ఎక్కణ్నుంచి వచ్చింది? భూమి చుట్టూ గాల్లో ఉన్న నీటి ఆవిరి మొత్తం ఒక్కసారిగా కురిస్తే నేలమీద నిలిచేది రెండున్నర సెంటీమీటర్లు. మడమ కూడా మునగదు. ధ్రువాల్లోని మంచంతా కరిగితే సముద్రమట్టం 70 మీటర్ల దాకా పెరుగుతుంది. తీరప్రాంతాలకు అది ప్రళయమే. కానీ ఎవరెస్టుకు పాదం కూడా తడవదు. కొండలన్నీ మునగడానికి అదనంగా కావాల్సింది సుమారు 440 కోట్ల ఘనపు కిలోమీటర్ల నీరు. భూమ్మీద సముద్రాలు, మంచు, నదులు, భూగర్భ జలాలు అన్నీ కలిపితే ఉన్నది దాదాపు 139 కోట్లు. అంటే ఇంకో మూడు భూముల నీళ్లు అరువు తేవాలి. పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి కూడా!

చేపలకేం ఢోకా లేదనుకుంటాం. వాటికీ చిక్కే. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసిపోతే చెరువు చేప ఉప్పుకు చస్తుంది. సముద్రపు చేప చప్పదనానికి చస్తుంది. ఏడాదిపాటు నీళ్ల అడుగున ఉన్న ఒలీవ చెట్టు, నీరు తియ్యగానే పావురం కోసం పచ్చటి ఆకు సిద్ధం చేసుకుని కూర్చుందట. కుండీలో మొక్కకు వారంరోజులు నీళ్లెక్కువైతేనే వేర్లు కుళ్లిపోతాయని ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఏనుగుకు పదకొండు లారీల మేత

ఇక ఓడ లోపలికి వెళదాం. మూడంతస్తులూ కలిపితే విస్తీర్ణం రెండుంబావు ఎకరాలు. ఇప్పటికి శాస్త్రవేత్తలు గుర్తించిన పక్షి జాతులు దాదాపు పదకొండు వేలు. పాలిచ్చే జంతువులు ఆరు వేలకు పైనే. పురుగుల జాతులు పది లక్షలు. ఒక ఏనుగు రోజుకు 150 కిలోల మేత తింటుందనుకుంటే, రెండు ఏనుగులకు ఏడాదికి 110 టన్నులు. పది టన్నుల లారీలు పదకొండు! అది ఏనుగుల పద్దే. తిన్నది తిన్నట్టు ఉండదు కదా. ఒక్కో ఏనుగు రోజుకు వంద కిలోల దాకా పేడ వేస్తుంది. ఎత్తిపోయడానికి ఎనిమిదిమంది. పొయ్యడానికి మూరెడు కిటికీ. పాపం, ఆ ముగ్గురు కోడళ్లు!

ఈ లెక్కలు నాస్తికులు కనిపెట్టినవి అనుకుంటే పొరపాటు. భక్తులే మొదట వేశారు. లండన్ రాయల్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ విల్కిన్స్ మత గురువు కూడా. 1668లో ఆయన సింహాలకూ పులులకూ రోజుకు అయిదు గొర్రెల చొప్పున ఏడాదికి 1,825 గొర్రెలు కావాలని తేల్చాడు. వాటికీ ఓడలో చోటు చూపించాడు. 1675లో అథనేషియస్ కిర్చర్ అనే జెసూట్ పండితుడు నోవహు ఓడ మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు. ఏ గదిలో ఏ జంతువో బొమ్మలతో సహా! జాగా సరిపోకపోతే ఆయన దగ్గర ఉపాయాలున్నాయి. పురుగులు కుళ్లులోంచి వాటంతటవే పుడతాయి కాబట్టి ఎక్కించక్కర్లేదట. జిరాఫీ వేరే జంతువు కాదట, ఒంటెకూ చిరుతకూ పుట్టిన సంకరమట. రెండు టికెట్లు మిగిలాయి!

కెంటకీ ఓడవాళ్లది ఇంకో దారి. ఎక్కినవి ఇప్పటి జాతులన్నీ కావు, వాటి మూలజాతులే అంటారు. అలాంటివి సుమారు 1,400, జంతువులు మొత్తం ఏడు వేలలోపు అని వాళ్ల లెక్క. బాగానే ఉంది. ఓడలోంచి దిగిన ఒక పిల్లి జంట నుంచి నాలుగువేల ఏళ్లలో సింహం, పులి, చిరుత, మన వంటింటి పిల్లి అన్నీ వచ్చేశాయన్నమాట. పరిణామ సిద్ధాంతం అబద్ధమనేవాళ్లే డార్విన్ కలలో కూడా ఊహించనంత వేగంగా పరిణామాన్ని పరుగెత్తించారు.

చెక్క సంగతి కూడా చూడాలి. 1909లో అమెరికాలో ‘వయోమింగ్’ అనే కొయ్య ఓడ కట్టారు. ముందుకు పొడుచుకొచ్చిన దూలంతో కలిపితే పొడవు 137 మీటర్లు. ఇంచుమించు నోవహు ఓడంత. ఇనప పట్టీలతో బిగించినా అలలకు ఒళ్లు వంగి, చెక్కల సందుల్లోంచి నీళ్లు కారేవి. పంపులతో తోడుతూనే ఉండాల్సివచ్చేది. 1924లో తుపానులో సిబ్బందితో సహా మునిగిపోయింది. అది కట్టినవాళ్లు తరతరాలుగా ఓడలు కట్టేవాళ్లు.

జూలూ అడిగిన ప్రశ్న

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగుంటాయి. కానీ ఇదే ప్రశ్న ఒకాయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది. జాన్ విలియం కొలెన్సో ఇంగ్లండులో లెక్కల మాస్టారు. ఆయన రాసిన అంకగణితం పుస్తకాలు బడిపిల్లలు చదువుకునేవారు. తర్వాత దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు బిషప్‌గా వెళ్లి, జూలూ భాష నేర్చుకుని, బైబిల్‌ని ఆ భాషలోకి అనువదించడం మొదలుపెట్టాడు. సాయం చేసేది విలియం ఎన్‌గిడి అనే జూలూ యువకుడు. జలప్రళయం దగ్గరికొచ్చేసరికి అతను ఆగి అడిగాడు. చలి దేశాల జంతువులూ వేడి దేశాల జంతువులూ అన్నీ ఇలా జంటలుగా వచ్చి ఓడ ఎక్కాయంటే మీరు నిజంగా నమ్ముతున్నారా? మాంసం తినే వాటికి కూడా ఆయనే తిండి పోగుచేశాడా?

పశువుల మధ్య పెరిగినవాడికి ఆ మాత్రం అనుమానం రావడం సహజం. అవును అనేస్తే పోయేది. కానీ తనను నమ్మి అడిగిన మనిషికి, తాను నమ్మనిది నిజమని చెప్పడానికి బిషప్‌కు నోరు రాలేదు. కూర్చుని లెక్కలు వేశాడు. 1862లో పుస్తకంగా వేశాడు. దుమారం చెలరేగింది. క్రైస్తవం నేర్పడానికి వెళ్లినవాణ్ని జూలూలే మార్చేశారంటూ ఇంగ్లండులో ఎగతాళి చేశారు. 1863లో మతద్రోహం కింద పదవి నుంచి తొలగించినట్టు చర్చి ప్రకటించింది. 1865లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తొలగింపు చెల్లదని తీర్పిచ్చింది. ఆయన బిషప్‌గానే ఉన్నాడు. చివరిదాకా జూలూల పక్షాన బ్రిటిష్ ప్రభుత్వంతో పోట్లాడుతూనే ఉన్నాడు.

కథలో అతుకులు ఉన్నాయని అంతకు వందేళ్ల ముందే, 1753లో, జాన్ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు పట్టుకున్నాడు. ఓచోట ప్రతి జీవీ రెండేసి అంటుంది. ఇంకోచోట పవిత్రమైనవి ఏడేసి అంటుంది. ఓచోట వాన నలభై రోజులు. ఇంకోచోట నీళ్లు ప్రబలింది నూట యాభై రోజులు. దేవుణ్ని పిలిచే పేరు కూడా మారుతూ ఉంటుంది. రెండు పాత కథల్ని ఎవరో ఓపిగ్గా జడ అల్లినట్టు అల్లారని ఇప్పుడు చాలామంది బైబిల్ పండితులు అంటారు. ఏడేసి ఎందుకు కావాల్సివచ్చాయో కూడా తెలుస్తూనే ఉంది. ఓడ దిగగానే నోవహు పవిత్రమైన జంతువుల్ని బలి ఇచ్చాడు. ఉన్నవి రెండే అయితే ఆ పూటతో ఆ జాతి సరి!

తేదీల గొడవ మరొకటి. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో లెక్కగట్టి జలప్రళయం క్రీ.పూ. 2348 ప్రాంతంలో వచ్చిందన్నాడు. అప్పటికి ఈజిప్టులో గిజా పెద్ద పిరమిడ్ కట్టి రెండొందల ఏళ్లు అయింది. లోకం మునిగినా అక్కడి రాజుల వరసకు అంతరాయం లేదు. సింధులోయలో హరప్పా, మొహెంజొదారో మంచి ఊపుమీదున్నాయి. మొహెంజొదారోలో మురుగు కాల్వలు అంత బాగా కట్టుకున్నారు మరి, నీళ్లొచ్చినట్టే తెలియలేదేమో!

మట్టిపలకలో మరో నోవహు

అసలు బాంబు 1872లో పేలింది. జార్జ్ స్మిత్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. కరెన్సీ నోట్లకు అచ్చులు చెక్కే పని. మధ్యాహ్నం భోజనం వేళ బ్రిటిష్ మ్యూజియంకు పోయి, ఇప్పటి ఇరాక్‌లోని నినెవే నుంచి తెచ్చిన మట్టిపలకల మీది రాతను సొంతంగా నేర్చుకున్నాడు. మ్యూజియంవాళ్లే పిలిచి ఉద్యోగమిచ్చారు. ఓరోజు ఓ విరిగిన పలక చదువుతుంటే... ఓడ, వరద, కొండమీద ఆగడం, పావురాన్ని వదలడం! ఆనందం పట్టలేక గదిలో గెంతులేస్తూ ఒంటిమీది బట్టలు విప్పడం మొదలుపెట్టాడని మ్యూజియంలో చాలాకాలం చెప్పుకునేవారు. ఆ డిసెంబరు 3న ఆయన ఆ సంగతి చదివి వినిపిస్తుంటే సభలో ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా కూర్చుని విన్నాడు.

అది గిల్గమేష్ కావ్యంలోని పదకొండో పలక. అందులో నోవహు పేరు ఉత్నపిష్టిమ్. వాన ఏడు రాత్రులే. ఓడ ఎంత పొడవో అంత వెడల్పు, అంత ఎత్తు, అచ్చం పంచదార పలుకులా. వదిలిన పక్షులు పావురం, పిచ్చుకలాంటి వానకోవెల, కాకి. పనివాళ్లకు కల్లూ సారా నదిలా పారించానని ఆ పెద్దమనిషి గొప్పగా చెప్పుకుంటాడు. అంతకన్నా పాతది అత్రహాసిస్ కథ. దాని ప్రతులు క్రీ.పూ. 1700-1600 నాటివి. అందులో ప్రళయానికి కారణం పాపం కాదు, గోల! మనుషులు ఎక్కువైపోయి గలభా చేస్తుంటే ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టలేదట. మైకులూ డీజేలూ లేని కాలంలోనే అలా ఉంటే!

దేవతలంతా ఈ సంగతి మనుషులకు చెప్పకూడదని ఒట్టేసుకుంటారు. ఏయా అనే దేవుడికి మనసొప్పదు. ఒట్టు తప్పకుండానే సంగతి బయటపెడతాడు. మనిషికి చెప్పడు, అతని రెల్లుగోడకు చెబుతాడు. గోడకు చెవులుంటాయన్న మాట అంత పాతదన్నమాట.

మన పుట్టే... వాళ్ల ఓడ

బ్రిటిష్ మ్యూజియంలోని ఇర్వింగ్ ఫింకెల్ 2014లో మరో పలక సంగతి బయటపెట్టాడు. క్రీ.పూ. 1750 ప్రాంతానిది, అరవై పంక్తులది, అరచేతిలో ఇమిడేది. అందులో ఓడ కట్టే పద్ధతి వివరంగా ఉంది. గుండ్రంగా గీయమంటుంది. తాడు చుట్టలు చుట్టి బుట్టలా అల్లమంటుంది. కీలు పూయమంటుంది. మనకు కొత్తేముంది... కృష్ణలో, తుంగభద్రలో, శ్రీశైలం జలాశయంలో చేపలు పట్టేవాళ్లు వాడే పుట్టి! ఇరాక్ నదుల్లో కూడా మొన్నటిదాకా అలాంటి గుండ్రటి బుట్టపడవలు తిరిగేవి. తేడా అల్లా సైజే. ఆ పలకలోని పుట్టి 70 మీటర్ల వెడల్పు. దానికి పట్టే తాడు 527 కిలోమీటర్లని ఫింకెల్ లెక్క తేల్చాడు. హైదరాబాద్ నుంచి చెన్నైకి గీత గీస్తే ఇంచుమించు అంత దూరం.

గుండ్రంగా ఎందుకు? ఓడకు ముందూ వెనకా ఉండేది ఎక్కడికో వెళ్లడానికి. ఇది ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మునక్కుండా తేలితే చాలు. నోవహు ఓడకు చుక్కాని ఎందుకు లేదో ఇప్పుడు తెలిసిపోలేదూ! ఓ డాక్యుమెంటరీ కోసం ఆ పలకలో చెప్పినట్టే చిన్న సైజులో ఒకటి కట్టి చూశారు. ఎక్కడో కాదు, మన కేరళలో. కీలు సరిగా కుదరక నీళ్లు ఊరాయి. పంపు పెట్టి తోడుకోవాల్సివచ్చింది. అయినా తేలింది.

వరదా, పడవా, బతికి బయటపడ్డ ఒక్కడూ... మనకూ ఉన్నాయి. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటుంటే చిన్న చేప దోసిట్లోకి వచ్చి కాపాడమంటుంది. కుండలో పెడితే కుండంత, గుంటలో వదిలితే గుంటంత. చివరికి సముద్రంలో వదిలేస్తే, వరద వచ్చినప్పుడు మనువు పడవను కొమ్ముకు కట్టుకుని ఉత్తరాన కొండకు చేరుస్తుంది. భాగవతంలో ఆ రాజు పేరు సత్యవ్రతుడు, ద్రవిడదేశపువాడు. తాడు వాసుకి. పోతన తెలుగులో చదివి మన పెద్దలు మురిసిపోయిన కథే. చేప ఎదిగిన వేగం చూస్తే ఏ చేపల చెరువు రైతైనా ఆ పిల్లను ఎక్కడ కొన్నావయ్యా అని అడుగుతాడు. అంకెలు అడిగితే మన కథా నిలవదు. తేడా ఒక్కటి చెప్పుకోవాలి. శతపథ బ్రాహ్మణంలో వరద ఎందుకొచ్చిందో చెప్పరు. ఎవర్నీ పాపులనరు.

కొండమీది కొయ్యముక్కలు

ఓడ ఎక్కడుందో వెతికేవాళ్లకు ఇవేమీ పట్టవు. ఆదికాండం ‘అరారాతు కొండలు’ అంటుంది, ఒక కొండ అనదు. ఖురాన్‌లో నూహ్ ప్రవక్త ఓడ ఆగింది జూదీ కొండ మీద. అయినా అందరి చూపూ తూర్పు టర్కీలోని 5,137 మీటర్ల అరారత్ శిఖరం మీదే. 1876లో అది ఎక్కిన జేమ్స్ బ్రైస్‌కు నాలుగడుగుల కొయ్య దొరికింది. ఓడదే అయినా అయ్యుండొచ్చని సరదాగా రాసుకున్నాడు. 1955లో ఫెర్నాండ్ నవార్రా అనే ఫ్రెంచివాడు మంచులోంచి దుంగ తవ్వి తెచ్చాడు. కార్బన్ పరీక్షల్లో అది క్రీస్తు తర్వాత ఏడెనిమిది శతాబ్దాలదని తేలింది. చంద్రుడి మీద నడిచిన జేమ్స్ ఇర్విన్ 1982లో ఓడ కోసం వెళ్లి, కొండమీద నుంచి జారిపడి గాయపడ్డాడు. చంద్రుడి మీద ఏమీ కాలేదాయనకు!

అన్నిటికన్నా రుచికరమైన సంగతి 1993ది. అమెరికా టీవీలో ఓ పెద్దమనిషి తాను తెచ్చిన ఓడ ముక్క చూపించాడు. ఆనక అసలు సంగతి తనే చెప్పాడు. కాలిఫోర్నియాలో రైలు పట్టాల పక్కన దొరికిన కొయ్యకు రకరకాల సాస్‌లు పట్టించి ఓవెన్‌లో కాల్చాడట. 2010లో హాంకాంగ్ బృందం ఒకటి 4,800 ఏళ్లనాటి కొయ్య గదులు చూశామంది. శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు.

వరద మాత్రం నిజం

అయితే ఇదంతా ఉత్త కట్టుకథేనా? పూర్తిగా కాదు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య బల్లపరుపు నేల. రెండూ ఒకేసారి పొంగితే కనుచూపు మేర నీళ్లే. 1929లో ఉర్ నగరంలో తవ్వుతున్న లియోనార్డ్ వూలీకి ఎనిమిది అడుగుల పైచిలుకు మందాన ఒండ్రు కనిపించింది. బైబిల్ వరద దొరికిందన్నారు. తీరా చూస్తే పక్క నగరాల్లోని వరద పొరలు వేరే కాలాలవి. షురుప్పాక్‌లోది క్రీ.పూ. 2900 నాటిది. పాత కథల్లో ఓడ కట్టినవాడి సొంతూరు కూడా షురుప్పాకే. అంటే వచ్చింది ఒక మహాప్రళయం కాదు, ఊరూరా తరతరాలుగా వచ్చిన వరదలు. ఊరే ప్రపంచం అయినవాళ్లకు ఊరు మునిగితే ప్రపంచం మునిగినట్టే.

అలా చూస్తే కథలో మారుతూ వచ్చింది ఓడ ఆకారం ఒక్కటే కాదు. కారణం కూడా. అత్రహాసిస్‌లో మనుషుల గోల. గిల్గమేష్‌లో కారణమే చెప్పలేదు. ఆదికాండానికి వచ్చేసరికి మనుషుల చెడుతనం. మునిగినవాళ్లు తప్పు చేశారు కాబట్టే మునిగారు అన్నమాట అలా చేరింది. లెక్కలకన్నా ఇక్కడే గట్టిగా అనుమానించాల్సింది. ఆ వరదలో ఉయ్యాలలో ఉన్న పసిపిల్లలు కూడా పోయి ఉంటారు కదా. వాళ్లేం చేశారు?

ఈ ప్రశ్న ఇప్పటివాళ్లు అడిగిందేమీ కాదు. గిల్గమేష్‌లోనే ఉంది. వరద తీశాక ఏయా ఎన్లిల్‌ను పట్టుకుని దులిపేస్తాడు. తప్పు చేసినవాడికి శిక్ష వెయ్యి, అందర్నీ ముంచడమేంటి అని నిలదీస్తాడు. తాను కన్న మనుషులు చేపపిల్లల్లా సముద్రాన్ని నింపేశారని తల్లిదేవత భోరుమంటుంది. ఆదికాండంలో కూడా దేవుడు ఇంకెప్పుడూ ఇలా చేయనని మాటిచ్చి ఇంద్రధనుస్సు చూపిస్తాడు. కథ చెప్పినవాళ్లకే ఆ శిక్ష గొంతులో ముల్లులా ఉన్నట్టుంది.

ఆ ముల్లు తర్వాత కూడా గుచ్చుకుంటూనే ఉంది. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వేలమందిని పొట్టనబెట్టుకుంది. అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. ఆయన ఆశయం గొప్పదే. అయినా రవీంద్రుడు ఊరుకోలేదు. ప్రకృతి ఉత్పాతాన్ని నీతికి ముడిపెట్టడం అశాస్త్రీయమని, అది జనంలో మూఢత్వాన్ని పెంచుతుందని రాశాడు. గాంధీజీ ఆ విమర్శను తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేశారు. కూలిన ఇళ్ల కింద అంటరానితనం పాటించినవాళ్లూ ఉన్నారు, దాన్ని అనుభవించినవాళ్లూ ఉన్నారు. భూకంపం కులం అడగలేదు.

ఉప్పెన వచ్చినా, ఊరు మునిగినా మన నోళ్లలోనూ ‘పాపం పండింది’ అనే మాట తేలిగ్గా దొర్లుతుంది. పాపం అనేస్తే పని అయిపోతుంది. గట్టు ఎందుకు తెగింది, వాగుకు అడ్డంగా ఇళ్లెలా లేచాయి, కబురు వేళకు ఎందుకు అందలేదు అని ఎవరూ అడగరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. ముందే లక్షలమందిని తరలించారు. ఆంధ్రప్రదేశ్‌లో మృతులు వంద లోపే. ఆ ముప్పై ఏడేళ్లలో జనం పుణ్యాత్ములైపోయి కాదు. ఉపగ్రహాలొచ్చాయి, తుపాను కబురు ముందే అందింది.

నోవహు, ఉత్నపిష్టిమ్, మనువు... ముగ్గురి కథల్లోనూ కొండలు మునిగాయన్నది నమ్మలేం, జంతువుల జంటల్ని లెక్కపెట్టలేం. ఒక్కటి మాత్రం ముగ్గురికీ ఉమ్మడి. కబురు ముందే అందింది, విన్నవాడు బతికాడు. ఆ పాతకాలంలో దేవుడు ఒక్క ఇంటి గోడకే చెప్పాడు. ఇప్పుడు తుపాను కబురు ఊళ్లోని ప్రతి గోడకూ వినపడాలి. అప్పుడిక ఎవరూ ఓడ కట్టుకోనక్కర్లేదు.